డీజిలు ధర – లారీ కిరాయి – రైతు లెక్క



డీజిలు ధర హెచ్చినదను వార్త విన్నప్పుడు మన సభ్యులలో ట్రాక్టరు గలవారు మాత్రమే చింతింతురు. తక్కినవారు అది పట్టణవాసుల సంగతియని యెంచి యూరకుందురు. ఇది పొరపాటు. కూరగాయల బస్తా చేనిగట్టు దాటిన క్షణము మొదలు దాని వెల నుండి డీజిలు తన భాగమును తీసికొనుచునే యుండును. ఆ భాగమెంతయో లెక్కకట్ట నేర్చుకొనుటయే యీ పాఠముయొక్క యుద్దేశము.

సికిందరాబాదు రైల్వేస్టేషనునకు దాపున చిలకలగూడ యను పేట కలదు. దక్షిణమధ్య రైల్వే ప్రధానకార్యాలయమగు రైలు నిలయమునకు గాని, మోండా బజారునకు గాని యది యెంతో దూరము గాదు. అచ్చట కాపురముండు నొక లారీ యజమాని సిద్ధిపేట వైపునుండి బోయినపల్లి మార్కెట్ యార్డునకు కూరగాయలు చేరవేయుచున్నాడు. ఆయనకు పూర్వము రెండు లారీలుండెను. 2021వ సంవత్సరాంతమున ఒకదానిని విక్రయించి రెండవదాని బాకీ తీర్చుకొనెను. కిరాయి విషయమై మాటలాడుచుండగా ఆయన యిట్లనెను: “అయ్యా, డీజిలు ధర నన్ను సగమే ముంచినది. మిగిలిన సగము ఖాళీబండి ముంచినది.” ఈ మాటలోని నిజమును మనము విచారింపవలసియున్నది. ఏలయన, ఆయన రెండవ లారీని గూడ విక్రయించిననాడు నష్టపడువా రాయన యొక్కడే గాదు.

1. ధర హెచ్చిన తీరు

2014 అక్టోబరు వరకు డీజిలు చిల్లర ధరను కేంద్రప్రభుత్వమే నిర్ణయించుచుండెను. ఆ మాసమున ఆ నియంత్రణము తొలగింపబడెను. 2017 జూన్ 16 నుండి దేశమంతట ధరలు ప్రతిదినము మారు పద్ధతి యేర్పడెను. ముడిచమురును మనదేశము హెచ్చుగా విదేశములనుండియే కొనుచున్నది గనుక, ఎచ్చటనో యుద్ధము పుట్టినను, రూపాయి విలువ తగ్గినను, ఆ ఫలము మన గ్రామపు బంకువద్ద కనబడును.

అయితే ముడిచమురు వెల తగ్గినప్పుడెల్ల డీజిలు చౌక యగునని యెంచరాదు. 2020లో కరోనా వ్యాధివలన లోకమంతట ముడిచమురు వెల పడిపోయినప్పుడు, ఆ మే మాసముననే కేంద్రప్రభుత్వము డీజిలుపై సుంకమును లీటరునకు 13 రూపాయలు హెచ్చించెను. దానితో సుంకము 31 రూపాయల 83 పైసలాయెను. దీనిపై తెలంగాణ రాష్ట్రపు వాల్యూ యాడెడ్ ట్యాక్సు నూటికి 27 చొప్పున చేరుచుండెను. ఈ పన్ను శాతముగా నుండుటచేత, మూలధర హెచ్చిన కొలది పన్నుసొమ్మును హెచ్చును.

హైదరాబాదు నగరమున 2020 మే మాసమున లీటరు డీజిలు 67 రూపాయల 82 పైసలు. 2021 నవంబరు 3వ తేదీన 107 రూపాయల 40 పైసలు. పదునెనిమిది మాసములలో పెరిగినది 39 రూపాయల 58 పైసలు. ఆ మరునాటినుండి కేంద్రము సుంకమును 10 రూపాయలు తగ్గింపగా ధర 94 రూపాయల 62 పైసలకు దిగెను. 2022లో ఉక్రెయిన్ యుద్ధము రాగా ఏప్రిలు నాటికి 105 రూపాయల 49 పైసలకు మరల నెక్కెను. మే మాసమున సుంకమును ఇంకొక 6 రూపాయలు తగ్గించినమీదట 97 రూపాయల 82 పైసలు, 2024 మార్చి 15న 95 రూపాయల 65 పైసలు ఆయెను. ఎక్కునప్పుడు మెట్లు పెక్కు, దిగునప్పుడు కొన్నియే.

2. యజమానులు చేయు ఉపాయములు

రెండవ ప్రపంచయుద్ధకాలమున పెట్రోలు కరవైనప్పుడు బస్సులను బొగ్గుగ్యాసుతో నడిపిన సంగతి మన పెద్దలు చెప్పుకొనెడివారు. నేటి లారీ యజమానికి అట్టి మార్గము సులభముగా లేదు. ఉన్న డీజిలునే పొదుపుగా వాడుకొనవలెను, లేదా మరియొక ఖర్చును తగ్గించుకొనవలెను. ఇందు మంచి యుపాయములును గలవు, చెడ్డ యుపాయములును గలవు.

మంచివానిలో మొదటిది వేగమును అదుపులో నుంచుట. వేగము రెట్టింపైనచో గాలి యడ్డగించు బలము నాలుగురెట్లగును గనుక, తొందరపడు బండి డీజిలును వృథాగా త్రాగును. రెండవది టైర్లలో గాలి సరిగా నుంచుట. మూడవది గాలివడపోత బుట్టను శుభ్రము చేయించుట. నాలుగవది నిలిచినప్పుడు ఇంజిను ఆపివేయుట. ఇవి చిన్నవిగా దోచును గాని సంవత్సరాంతమున పెద్దమొత్తమగును.

దూరప్రయాణములు చేయువారికి మరియొక యుపాయము గలదు. రాష్ట్రమునకొక తీరుగా పన్ను ఉండుటచేత, ధర తక్కువగానున్న చోట ట్యాంకు నింపుకొందురు. 2021 నవంబరులో సుంకముతోబాటు కర్ణాటక ప్రభుత్వము తన పన్నును గూడ తగ్గింపగా బెంగుళూరున లీటరు 85 రూపాయల 1 పైసకు వచ్చెను. హైదరాబాదుతో భేదము 9 రూపాయల 61 పైసలు. 300 లీటర్లు నింపుకొన్నవానికి 2,883 రూపాయలు మిగిలెను. కాని పల్లెకును బోయినపల్లికిని నడుమ తిరుగు లారీకి ఈ లాభము లేదు. మన కూరగాయలు మోయునది అట్టి లారీయే.

ఇక చెడ్డ యుపాయములు. పరిమితికి మించి బరువు వేయుట, డీజిలులో కిరోసిను కలుపుట, అరిగిన టైర్లతోనే నడుపుట, క్లీనరును మానిపించుట, డ్రైవరుచేత రాత్రింబవళ్లు విశ్రాంతి లేకుండ నడిపించుట. కిరోసిను కలిపినచో డీజిలు పంపు చెడిపోవును. హెచ్చుబరువునకు 2019 మోటారు వాహనముల సవరణచట్టము 20,000 రూపాయలును, మీద ప్రతి టన్నునకు 2,000 రూపాయలును దండన విధించినది. దండనకంటె ఘోరమైనది ప్రమాదము. నిద్రలేని డ్రైవరు చేతిలో నున్నది మన సరుకు మాత్రమే గాదు, వాని ప్రాణమును, దారిన బోవువారి ప్రాణములును. కిరాయిని మిక్కిలి బిగబట్టి బేరమాడిననాడు, ఈ చెడ్డ యుపాయములవైపు యజమానిని మనమే త్రోయుచున్నామని మరువరాదు.

యజమాని కిరాయి హెచ్చింపరాదా యని యడుగవచ్చును. అది వాని చేతిలో లేదు. 2018 జూలైలో కేంద్రము ఇరుసుల భారపరిమితిని హెచ్చింపగా రెండు ఇరుసుల లారీ మొత్తపు బరువు 16.2 టన్నులనుండి 18.5 టన్నులకు పెరిగెను. ఉన్న లారీలే హెచ్చు సరుకు మోయగలుగుటచేత బండ్ల మధ్య పోటీ హెచ్చెను. ఒకడు కిరాయి పెంచిన మరియొకడు తగ్గించి తీసికొనిపోవును. ఆ జూలై 20 మొదలు ఎనిమిది దినములు దేశములోని లారీల యజమానులు సమ్మె చేసినప్పుడు వారి కోరికలలో డీజిలు ధర తగ్గింపు ముఖ్యమైనది.

3. నమూనా లెక్క

ఇప్పుడు కాగితము, కలము తీసికొనుడు. మన గ్రామమునుండి బోయినపల్లి 100 కిలోమీటర్లనుకొందము. పోను రాను 200. లారీ సగటున లీటరునకు 5 కిలోమీటర్లు నడచునచో 40 లీటర్లు కావలెను. నిండుబరువు 100 క్వింటాళ్లు.

2020 మే ధరకు నిండులారీ డీజిలు ఖర్చు 2,712 రూపాయల 80 పైసలు. క్వింటాలునకు 27 రూపాయల 13 పైసలు.

2021 నవంబరు 3నాటి ధరకు అదే నిండులారీకి 4,296 రూపాయలు. క్వింటాలునకు 42 రూపాయల 96 పైసలు.

ఇప్పుడు 2020 మే ధరకే సగము నిండిన లారీని చూతము. బరువు తక్కువ గనుక డీజిలు కొంత తగ్గి 36 లీటర్లే పట్టినదనుకొందము. ఖర్చు 2,441 రూపాయల 52 పైసలు. మోసినది 50 క్వింటాళ్లే గనుక క్వింటాలునకు 48 రూపాయల 83 పైసలు.

సోదరులారా, ఈ మూడు అంకెలను మరల చదువుడు. చౌకకాలమున సగము ఖాళీగా బోయిన లారీకంటె, మిక్కిలి ప్రియకాలమున నిండుగా బోయిన లారీయే క్వింటాలునకు తక్కువ ఖర్చుతో సరుకు చేర్చినది. చిలకలగూడ యజమాని చెప్పిన మాటకు భావమిదియే.

లెక్క యింకను ముందునకు బోవును. ఆ ప్రియకాలముననే లారీ తిరుగు ప్రయాణములో 60 క్వింటాళ్ల సరుకు తెచ్చినదనుకొందము. డీజిలు 4 లీటర్లు హెచ్చి 44 లీటర్లగును. ఖర్చు 4,725 రూపాయల 60 పైసలు. మోసిన బరువు మొత్తము 160 క్వింటాళ్లు. క్వింటాలునకు 29 రూపాయల 54 పైసలు. పదునెనిమిది మాసముల ధరల పెరుగుదలలో ఇంచుమించు అంతయు తిరుగులోడు ఒక్కటే తీర్చివైచినది!

కిరాయిలో డీజిలు గాక డ్రైవరు జీతము, టైర్లు, బీమా, టోలు, అప్పు కిస్తీ యుండును. ఇవియు ఖాళీబండికి తగ్గవు. కాబట్టి ఖాళీవలని నష్టము పై లెక్కకంటెను హెచ్చేయగును.

4. సంఘము చేయదగిన పనులు

డీజిలు ధర మన చేతిలో లేదు. సుంకమును తగ్గింపుడని విన్నపములు పంపవచ్చును, పంపవలెను గూడ. కాని లారీని నింపుట మన చేతిలోని పని.

మొదటిది, దినముల నిర్ణయము. ప్రతివారు తన యిష్టమువచ్చిన దినమున ఆటోలో నాలుగు బస్తాలు పంపుకొనుటకంటె, వారమునకు మూడు దినములు నిర్ణయించి ఆ దినములందు ఒకే లారీని నింపవలెను. బరువును గ్రామముననే తూచి, బస్తాలపై సభ్యుని గుర్తు వేసి, పట్టీ వ్రాసియీయవలెను. ఒకరి తూకమును మరియొకరు నమ్మకపోవుటచేతనే ఇట్టి యేర్పాట్లు చెడును. కొందరు సభ్యులు అడతిదారులయొద్ద ముందుగా సొమ్ము తీసికొని వారి దుకాణమునకే సరుకు వేయ బద్ధులైయుందురు. అట్టివారి బస్తాలు ఆ దుకాణముననే దింపు ఏర్పాటు చేసి వారిని గూడ చేర్చుకొనవలెను.

రెండవది, కాలనియమము. నగరములో పగటివేళ భారీలారీలకు ఆంక్షలున్నవి. లారీ తెల్లవారకముందే యార్డు చేరవలెను. సరుకు ఆలస్యముగా తెచ్చి రెండు గంటలు నిలుపువాడు తోటి సభ్యులందరి సొమ్మును వ్యర్థపరచుచున్నాడు.

మూడవది, తిరుగులోడు. సంఘపు దుకాణమునకు కావలసిన ఎరువులు, పశువుల దాణా, సిమెంటు మొదలగువానిని నగరమునుండి అదే లారీలో తెప్పింపవలెను. మరుసటి ప్రయాణమునకు ముందు తొట్టిని కడిగించుట మరువరాదు. పురుగుమందులను మాత్రము తినుపదార్థములు మోయు లారీలో నెన్నడును వేయరాదు.

నాలుగవది, వ్రాతమూలకమైన డీజిలు షరతు. పై లెక్క ప్రకారము లీటరునకు ఒక రూపాయి హెచ్చినచో ప్రయాణమునకు 40 రూపాయలు, నిండులారీలో క్వింటాలునకు 40 పైసలు హెచ్చును. ఒప్పందమునాటి ధరను వ్రాసికొని, హెచ్చిన ప్రతి రూపాయికి 40 పైసలు కలుపుటకును, తగ్గిన ప్రతి రూపాయికి 40 పైసలు తీసివేయుటకును ఉభయులు సమ్మతింపవలెను. అప్పుడు యజమాని ధర పెరిగిన దినమున దిగులుపడడు. డీజిలు రెండు రూపాయలు పెరిగినదని క్వింటాలునకు అయిదు రూపాయలు అడుగు మధ్యవర్తికి, న్యాయమైన పెంపు 80 పైసలేయని మనమును చెప్పగలము.

అయిదవది, దూరపు బజారులకు రైలు. టన్ను సరుకును కిలోమీటరు మోయుటకు రైలునకు పట్టు ఇంధనము లారీకంటె చాల తక్కువ. 2020 సెప్టెంబరు 9న అనంతపురమునుండి ఢిల్లీలోని ఆదర్శనగరమునకు దక్షిణభారతపు మొదటి కిసాన్ రైలు బయలుదేరెను. పండ్లు, కూరగాయల కిరాయిలో సగము ప్రభుత్వము భరించెను. అట్టి సాయము శాశ్వతమని నమ్మి కూర్చుండరాదు గాని, ఒక పాఠము మాత్రము గ్రహింపవలెను. ఒక్కని పది బుట్టలకు రైలు రాదు. పదిమంది కూడిననే వచ్చును.

5. నెలసభలో చర్చింపవలసిన ప్రశ్నలు

(1) మన గ్రామమునుండి మార్కెటు 60 కిలోమీటర్లైనచో, లీటరునకు ఒక రూపాయి పెరిగినప్పుడు నిండులారీలో క్వింటాలునకు ఎన్ని పైసలు కలుపవలెను? (జవాబు: 24 పైసలు.)

(2) గడచిన మాసమున మన సరుకు మోసిన బండ్లెన్ని? వానిలో నిండుగా బోయినవెన్ని? ఖాళీగా తిరిగివచ్చినవెన్ని?

(3) సంఘపు దుకాణమునకు ఆ మాసమున నగరమునుండి వచ్చిన సరుకెంత? దానికి వేరుగా చెల్లించిన కిరాయి యెంత?

రెండవ, మూడవ ప్రశ్నలకు జవాబులు ఏ పుస్తకమునందును లేవు. కార్యదర్శిగారు పట్టీలు దగ్గర నుంచుకొని సభలోనే లెక్క తేల్చవలెను. అట్లు తేలిన అంకెను చిలకలగూడ యజమానికి గూడ చూపి, ఆయనతోనే మొదటి ఒప్పందము వ్రాసికొనుట యుక్తమని మా యభిప్రాయము. ఆయన లారీ నిలిచియుండుట మన చేను నిలిచియుండుటలో నొక భాగము.