ముందు పంచు, తర్వాత చీటీ తీయి



ఖిల్లా ఘణపూర్ అనగానే రెండు గుర్తుకొస్తాయి. ఒకటి గుట్టల మీది కోట. రెండోది గణపసముద్రం చెరువు. రెండూ కాకతీయుల కాలం నాటివి. గోన గణపారెడ్డి కట్టించాడని చెప్తారు.

కోట రాజుది. మరి చెరువు ఎవరిది?

చెరువు నిండితే గొడవ లేదు. సగమే నిండితే ఎవరి మడికి ఎన్ని నీళ్లు పారాలి? ఇది నీళ్ల లెక్క ఒక్కటే కాదు. న్యాయం లెక్క కూడా.

ఒక ఆట ఆడి చూద్దాం.

నేల మీద ముగ్గుతో చెరువు గీయండి. కట్ట గీయండి. తూము నుంచి ఒక కాలువ తీయండి. కాలువ వెంట వరుసగా ఐదు పొలాలు గీయండి. ఒక్కో పొలంలో మూడు మడులు. ఒక్కో మడికి ఒక చింతగింజంత నీళ్లు కావాలి. మొత్తం పదిహేను గింజలు. కానీ చెరువులో ఉన్నవి పదే.

ఐదుగురు ఐదు పొలాల దగ్గర కూర్చోండి. తూము దగ్గరి ఆమె ముందు తీసుకుంటది. ఏమైతది? మొదటి ముగ్గురు మూడేసి గింజలు తీసుకుంటరు. తొమ్మిది అయిపోయాయి. నాలుగో ఆమెకు ఒక్కటి. ఐదో ఆమెకు వట్టి కాలువ.

ఇప్పుడు అందరూ లేవండి. పొలాలకు నంబర్లు వేసి చీటీలు రాయండి. చీటీలు తీయకండి. ఎవరికి ఏ పొలం వస్తదో తెలియకముందే నీళ్లు ఎట్లా పంచాలో మాట్లాడుకోండి.

"నాకు చివరి పొలం వస్తే ఎట్లా?" అని ప్రతి ఒక్కరికీ గుబులు. అందుకే "తలా రెండు" అన్న మాట వస్తది. అందరికీ రెండు మడులు పండుతాయి. ఒక మడి బీడు పడుతది. కానీ ఎవరి పొయ్యీ ఆరిపోదు.

ఇది మనకు కొత్త కాదు. నీళ్లు తక్కువైన ఏడు చెరువు కింద ఎంత భూమి సాగు చేయాలో తెలంగాణలో ముందే తేల్చుకునేవాళ్లు. దాన్ని తైబందీ అన్నారు.

అమెరికాలో జాన్ రాల్స్ అనే పంతులు ఉండేవాడు. న్యాయం అంటే ఏమిటో చెప్తూ 1971లో పెద్ద పుస్తకం రాశాడు. అందులోనూ ఇట్లాంటి మాటే ఉంది. నేను ఉన్నోళ్ల ఇంట్ల పుడతానో, లేనోళ్ల ఇంట్ల పుడతానో తెలియదు అనుకోవాలి. అట్లా అనుకొని నియమం పెట్టాలి. అప్పుడే అది న్యాయమైన నియమం.

తూము దగ్గరి ఆమె ఒక మాట అడగవచ్చు. "నేను ఎక్కువ ధర పెట్టి ఈ భూమి కొన్నాను. నా నీళ్లు ఎందుకు తగ్గించుకోవాలి?" ఆమె మాట కొట్టిపారేయకండి. ఆమె కష్టం కూడా కష్టమే. అయితే ఆమె కొన్నది భూమిని. చెరువును కాదు. చెరువు కట్టకు మట్టి మోసినవాళ్లు ఎందరో. వాళ్ల పేర్లు ఏ రాతి మీదా లేవు.

ఇంకో సంగతి. మన ఆటలో ఐదు చీటీలే ఉన్నాయి. ఐదూ భూమి ఉన్నవాళ్లవే. భూమి లేని కూలామె చీటీ ఏది? బట్టలు ఉతికే ఆమె చీటీ ఏది? బర్లను నీళ్లకు తోలే ఆమె చీటీ ఏది? వాళ్ల చీటీలు కూడా కలపండి. మళ్లీ పంచండి. ఈసారి "రెండు గింజలు చెరువులోనే ఉండనీ" అని ఎవరో ఒకరు తప్పక అంటరు.

లెక్కలోకి రానివాళ్ల కథ ఒకటి చెప్తా. మహారాష్ట్రలో మహాడ్ అనే ఊరు ఉంది. అక్కడ చవదార్ చెరువు. దళితులను ఆ నీళ్లు ముట్టనిచ్చేవాళ్లు కాదు. చెరువు అందరిదీ అని 1924లో మున్సిపాలిటీ తీర్మానం చేసింది. కాగితం మీద హక్కు వచ్చింది. దోసిట్లోకి నీళ్లు రాలేదు. 1927 మార్చి 20న అంబేడ్కర్ వేలమందితో నడిచి పోయి ఆ నీళ్లు తాగాడు. తర్వాత కోర్టులో కేసు నడిచింది. 1937లో బొంబాయి హైకోర్టు తీర్పు దళితుల వైపే వచ్చింది.

మన రాజ్యాంగం 1950 జనవరి 26న అమలులోకి వచ్చింది. అందులో 15వ అధికరణం చదవండి. బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు అని పేరు పెట్టి రాసి ఉంది. ప్రజల కోసం ఉన్న వీటి దగ్గర కులం పేరుతో, మతం పేరుతో, ఆడ మగ అనే పేరుతో ఎవరినీ ఆపకూడదు.

నీళ్లు ముట్టే హక్కు రాజ్యాంగం ఇచ్చింది. నీళ్లు పంచే చోట మాట్లాడే హక్కు సంగతేమిటి? 1997లో సాగునీటి సంఘాల చట్టం వచ్చింది. ఆ చట్టంలో ఓటు ఆయకట్టు కింద భూమి ఉన్నవాళ్లకే. నాట్లు వేసేది మనం. కలుపు తీసేది మనం. పట్టా ఎక్కువగా మగవాళ్ల పేరు మీద ఉంటది. మన చీటీ అక్కడ లేదు.

కాబట్టి ఊరిలో ఏ నియమం పెట్టినా రెండు ప్రశ్నలు అడుగుదాం. "చివరి పొలం నాదే అయితే ఇది ఒప్పుకుంటానా?" "ఇక్కడ ఎవరి చీటీ లేదు?"

మొదటి ప్రశ్న మనసులో అడుక్కోవచ్చు. రెండోది మాత్రం గ్రామసభలో లేచి నిలబడి అడగాలి.

మాట్లాడుకుందాం

1. మన ఊరి చెరువు నీళ్లు ఎవరెవరు వాడుతున్నారు? పేర్లు పలక మీద రాయండి.
2. మగవాళ్లకు ఒక కూలి, ఆడవాళ్లకు ఒక కూలి. చీటీ తీయకముందు అయితే ఈ నియమం ఎవరైనా ఒప్పుకుంటారా?
3. మీ ఇంటి భూమి పట్టా ఎవరి పేరు మీద ఉంది? పాసుపుస్తకం తెచ్చి మీరే చదవండి.