పాత లాప్‌టాప్‌కి పని చెప్పాలా, సెలవు చెప్పాలా

లాప్‌టాప్ కాస్త నెమ్మదించగానే ఇంట్లో మొదట వినపడే మాట "కొత్తది కొనేద్దాం". ఎవరైనా ఆ మాటతో నా దగ్గరకొస్తే, ధరల సంగతి పక్కన పెట్టి ముందు మెషీన్ని తెచ్చి చూపించమంటాను. ఒక పూట కూర్చుని వరసగా కొన్ని చూసుకుంటే, మార్చాల్సింది మొత్తం లాప్‌టాపా, లోపలున్న ఒక భాగమా అన్నది కళ్లెదుటే తేలిపోతుంది. మధ్యతరగతి ఇంట్లో లాప్‌టాప్ అంటే ఒక నెల జీతం. అంత డబ్బు ఊహ మీద ఖర్చు పెట్టకూడదు.

మా మేనకోడలి లాప్‌టాప్‌తోనే చెబుతాను. 2018లో వాళ్లన్నయ్య బీటెక్‌లో చేరినప్పుడు కొన్నారు. ఇంటెల్ కోర్ ఐ5, 4 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్‌డిస్క్. ఆ రోజుల్లో ఇంజినీరింగ్ పిల్లలకి కొనిచ్చినవి చాలావరకు ఇలాంటివే. ఇప్పుడు ఎంకామ్ చదువుతూ ఆ అమ్మాయి వాడుతోంది. "ఆన్ చేస్తే ఎప్పటికీ రాదు, చార్జర్ పీకితే ఆగిపోతుంది. ఎక్స్చేంజ్‌లో ఇచ్చేద్దామా మామయ్యా?" అని అడిగింది.

ముందు తనతో ఒక కాగితం మీద రాయించాను: ఈ మెషీన్ మీద రోజూ చేసే పనులేమిటి, వచ్చే రెండేళ్లలో కొత్తగా చేయబోయేవేమిటి. ట్యాలీ ప్రైమ్, ఎక్సెల్, గూగుల్ మీట్ క్లాసులు, పీడీఎఫ్‌లు, క్రోమ్‌లో పది ట్యాబులు. వీటిలో ఏదీ గట్టి ప్రాసెసర్ కావాలని అడిగేది కాదు. అదే కాగితం మీద ఆండ్రాయిడ్ స్టూడియో, వీడియో ఎడిటింగ్, త్రీడీ డిజైన్ లాంటివి ఉంటే లెక్క వేరు. ఏదో ఒక పాత సాఫ్ట్‌వేర్ మీదే బతుకుతెరువు నడిచేవాళ్లకి లెక్క ఇంకా వేరు. మన డీటీపీ సెంటర్లనే చూడండి. 2001లో వచ్చిన పేజ్‌మేకర్ 7 మీద, అను స్క్రిప్ట్ మేనేజర్‌తో ఇప్పటికీ శుభలేఖలు, కరపత్రాలు దిగుతూనే ఉన్నాయి. అలాంటివాళ్లు కొత్త మెషీన్ మీద ఆ సాఫ్ట్‌వేర్ నడుస్తుందా, లైసెన్సు దాని మీదికి ఎలా మారుతుంది అన్నది అమ్మినవాళ్లని అడిగి తేల్చుకున్నాకే డబ్బు తీయాలి.

తర్వాత, నెమ్మది ఎక్కడుందో పట్టుకోవాలి. మెషీన్ ఆన్ చేసి కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో పర్ఫార్మెన్స్ పేజీ. రోజూ చేసే పని మామూలుగా చేస్తూ సీపీయూ, మెమరీ, డిస్క్ మూడు గీతల్నీ చూడాలి. తన లాప్‌టాప్‌లో సీపీయూ ఇరవై శాతం దాటలేదు. మెమరీ తొంభైకి దగ్గర. డిస్క్ మాత్రం వందకి అంటుకుపోయి కిందికి దిగనే లేదు. జబ్బు అక్కడుంది.

ఎందుకలా అవుతుందో కొంచెం వివరంగా చెప్పాలి. పాత లాప్‌టాప్‌ల గురించి తీసుకునే నిర్ణయాల్లో సగం ఈ ఒక్క సంగతి మీదే ఆధారపడతాయి. లాప్‌టాప్ హార్డ్‌డిస్క్ మామూలుగా నిమిషానికి 5400 చుట్లు తిరుగుతుంది. అంటే ఒక చుట్టుకి 11 మిల్లీసెకన్లు. కావలసిన సమాచారం సూది కిందికి రావడానికి సగటున అర చుట్టు ఆగాలి, అంతకు ముందు సూది సరైన వరస దగ్గరికి జరగాలి. అన్నీ కలిపి ఒక్కో చిన్న ముక్క చదవడానికి పదిహేను మిల్లీసెకన్ల దాకా పడుతుంది. సెకనుకి వంద ముక్కలు కూడా రావు. విండోస్ మొదలయ్యేటప్పుడు వేలకొద్దీ చిన్న ఫైళ్లు అడుగుతుంది. ర్యామ్ చాలకపోతే మిగిలిన సరుకుని మళ్లీ ఆ డిస్క్ మీదికే నెడుతుంది. ఇక రెండూ ఒకదాన్నొకటి తొక్కుకుంటాయి. హార్డ్‌డిస్క్ చోట వేసుకునే ఎస్‌ఎస్‌డీలో తిరిగేదేమీ లేదు. అదే ముక్క మిల్లీసెకనులో పదోవంతులో వస్తుంది. సాటా రకం ఎస్‌ఎస్‌డీ సెకనుకి 550 ఎంబీ చదువుతుందని డబ్బా మీద రాసి ఉంటుంది గానీ, మనకి తేడా తెలిసేది ఆ అంకెలో కాదు, చిన్న ముక్కలు అందే వేగంలో. అందుకే ఆ మెషీన్లో ఎస్‌ఎస్‌డీ వేశాక మనిషికి ప్రాసెసరే మారినట్టు అనిపిస్తుంది.

అయితే ఎస్‌ఎస్‌డీ కొనే ముందు ఇంకో ప్రశ్న ఉంది: ఈ లాప్‌టాప్‌కి భద్రత ఎంతకాలం ఉంటుంది? విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14న మామూలు మద్దతు ఆపేసింది. విడిగా నమోదు చేసుకున్న ఇంటి వాడుకదారులకి 2026 అక్టోబర్ 13 దాకా భద్రతా అప్‌డేట్లు పొడిగించింది. ఆ తర్వాత నెట్ బ్యాంకింగ్ చేసే మెషీన్ని విండోస్ 10 మీదే ఉంచేయడం నాకు ఇష్టం ఉండదు. విండోస్ 11 వేయాలంటే టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అనే భద్రతా ఏర్పాట్లు ఉండాలి. ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో తరం నుంచి, ఏఎండీ రైజెన్ లాప్‌టాప్ చిప్పుల్లో 3000 వరస నుంచి పనికొస్తాయి.

తరం తెలుసుకోవడం తేలిక. టాస్క్ మేనేజర్‌లో సీపీయూ పేరు పక్కన ఐ5-7200యూ అని ఉంటే ఏడో తరం, ఐ5-8250యూ అని ఉంటే ఎనిమిదో తరం. గీత తర్వాత వచ్చే మొదటి అంకే గుర్తు. పదో తరం నుంచి రెండంకెలు చూడాలి. ఈ రెండు చిప్పులూ ఏడాది తేడాతో వచ్చాయి, షాపుల్లో పక్కపక్కనే అమ్ముడుపోయాయి. మొదటిదానికి రెండు కోర్లు, రెండోదానికి నాలుగు. కొన్నప్పుడు రెండిటి మధ్యా పెద్ద తేడా లేదనిపించిన ఇళ్లలో ఇవాళ ఒకరిది విండోస్ 11కి అర్హం, ఇంకొకరిది కాదు. మా అమ్మాయిది 8250యూ. మైక్రోసాఫ్ట్ ఇచ్చే పీసీ హెల్త్ చెక్ యాప్ మాత్రం టీపీఎం లేదంది. ఇలా అంటే కంగారు పడక్కర్లేదు. ఆ తరం ఇంటెల్ లాప్‌టాప్‌లలో అది సాధారణంగా బయోస్‌లో పీటీటీ అనే పేరుతో ఆపేసి ఉంటుంది. అక్కడికెళ్లి ఆన్ చేస్తే సరిపోయింది.

ఇక బ్యాటరీ. కమాండ్ ప్రాంప్ట్‌లో ఇంగ్లీషులో పవర్‌సీఎఫ్‌జీ అని, ఒక ఖాళీ వదిలి, స్లాష్ పెట్టి బ్యాటరీరిపోర్ట్ అని కొడితే ఒక నివేదిక తయారవుతుంది. అందులో డిజైన్ కెపాసిటీ, ఫుల్ చార్జ్ కెపాసిటీ అని రెండు అంకెలుంటాయి. మొదటిది పుట్టినప్పటి బలం, రెండోది ఇప్పుడు మిగిలింది. రెండోది సగానికి పడిపోతే కొత్త బ్యాటరీ లెక్కలో వేసుకోవాలి. అంకెలతో పనిలేకుండా చూడాల్సింది ఇంకొకటుంది: లాప్‌టాప్‌ని బల్ల మీద పెడితే ఊగుతోందా, టచ్‌ప్యాడ్ పైకి లేచిందా? అలా ఉంటే బ్యాటరీ ఉబ్బింది. వెంటనే ఆపేయాలి, చార్జింగ్ పెట్టకూడదు, దాన్ని గుచ్చడం, నొక్కడం అసలే కూడదు. సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లాలి.

హింజ్, కీబోర్డు, స్క్రీన్, చార్జర్ పిన్ను కూడా ఓసారి చూడాలి. వీటిలో ఒకటి పాడైతే బాగుచేయించొచ్చు. రెండు మూడు కలిసి పాడైతే అక్కడితో ఆ మెషీన్ కథ ముగిసిందనే నా అభిప్రాయం.

వెనక మూత విప్పడం చివరి పరీక్ష. మదర్‌బోర్డుకే అతికించిన ర్యామ్ అయితే పెంచే దారి లేదు. 4 జీబీ అతుకు ర్యామ్ ఉండి ఖాళీ స్లాటు లేకపోతే నేను ఆ మెషీన్ మీద రూపాయి పెట్టను. టాస్క్ మేనేజర్‌లో మెమరీ పేజీలో ఎన్ని స్లాట్లున్నాయో, ఎన్ని నిండాయో రాసి ఉంటుంది. మా మేనకోడలి లాప్‌టాప్‌లో రెండిట్లో ఒకటి ఖాళీ. డీడీఆర్3, డీడీఆర్4, డీడీఆర్5 ఒకదాని చోట ఒకటి కూర్చోవు, గాడి వేరే చోట ఉంటుంది. కాబట్టి రకం రాసుకునే షాపుకి వెళ్లాలి.

ధర అడగాల్సింది ఇప్పుడు. ఏఐ డేటా సెంటర్ల గిరాకీతో 2025 చివర్లో ర్యామ్ ధరలు బాగా ఎగిశాయి. కాబట్టి ఎవరో పోయినేడాది చెప్పిన రేటు నమ్ముకోకుండా, కొనే రోజునే రెండు మూడు చోట్ల కనుక్కోవాలి. హైదరాబాద్ వాళ్లయితే సికింద్రాబాద్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఒక్క చక్కరు కొడితే చాలు. ఎస్‌ఎస్‌డీ, ర్యామ్, బ్యాటరీ మూడూ కలిపి, మీ పనికి సరిపడే కొత్త లాప్‌టాప్ ధరలో మూడో వంతు లోపల ఉంటే పాతదాన్నే నిలబెట్టండి. సగానికి చేరితే వద్దు. మధ్యలో ఉంటే స్క్రీన్, హింజ్ ఎంత గట్టిగా ఉన్నాయో చూసి తేల్చుకోవాలి. మా అమ్మాయి లెక్క మూడో వంతుకి చాలా కిందే ఆగింది.

పనిలో దిగే ముందు ఫోటోలు, మార్కుల మెమోలు, ట్యాలీ డేటా వేరే చోటికి కాపీ చేయాలి. సెట్టింగ్స్‌లో డివైస్ ఎన్‌క్రిప్షన్ గానీ బిట్‌లాకర్ గానీ ఆన్‌లో ఉంటే రికవరీ కీ రాసిపెట్టుకోవాలి. అది లేకుండా పాత డిస్క్‌ని విడిగా తెరవలేరు. పాత విండోస్‌ని ఉన్నదున్నట్టు కొత్త డిస్క్‌లోకి దించే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి గానీ, ఏళ్ల చెత్త కూడా వెంట వస్తుంది. 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో మైక్రోసాఫ్ట్ మీడియా క్రియేషన్ టూల్‌తో విండోస్ 11 ఎక్కించి, కొత్తగా వేసుకోవడమే మేలు. విండోస్‌తో కలిపి కొన్న లాప్‌టాప్‌లలో లైసెన్సు బోర్డులోనే ఉంటుంది, నెట్ తగలగానే మామూలుగా దానంతటదే యాక్టివేట్ అవుతుంది.

మూత విప్పేటప్పుడు రబ్బరు కాళ్ల కింద దాగిన స్క్రూలు మరిచిపోవద్దు. స్క్రూలు వేర్వేరు పొడవుల్లో ఉంటాయి. ఏది ఎక్కడిదో తెలిసేలా కాగితం మీద బొమ్మ గీసి, ఆయా చోట్ల పెట్టుకోవాలి. పొడుగు స్క్రూ పొట్టి రంధ్రంలో బిగిస్తే పైన అరచేయి ఆనే చోట బుడిపె లేస్తుంది. లోపలికి వెళ్లగానే ముందు బ్యాటరీ కనెక్టర్ ఊడదీయాలి. ర్యామ్‌ని ఏటవాలుగా స్లాటులోకి నెట్టి, బంగారు అంచు దాదాపు కనపడకుండా పోయాక కిందికి నొక్కితే రెండు పక్కలా క్లిప్పులు టక్కుమంటాయి. ఫ్యాన్‌లో దుమ్ము ఊదేటప్పుడు రెక్కని వేలితో ఆపి పట్టుకోవాలి. ఎస్‌ఎస్‌డీ పాత హార్డ్‌డిస్క్ చోటే, అదే బ్రాకెట్‌లో కూర్చుంటుంది. ఇదంతా చేతకాదనుకుంటే షాపులోనే చేయించండి. ఎదురుగా కూర్చుని చేయించుకుని, పాత భాగాలు అడిగి తెచ్చుకోండి.

లెక్క వికటించినవాళ్ల సంగతి. ఏడో తరం, అంతకన్నా పాతది అయితే బ్రౌజింగ్‌కి, చదువుకి లైనక్స్ మింట్ లాంటిది వేసుకుని ఇంకొన్నేళ్లు వాడొచ్చు, ట్యాలీ లాంటి విండోస్ సాఫ్ట్‌వేర్ అవసరం లేకపోతేనే. కొత్తది కొనేవాళ్లు ప్రాసెసర్ పేరు కన్నా ముందు ర్యామ్ అడగండి: 16 జీబీ ఉందా, లేకపోతే పెంచడానికి స్లాటుందా? పలుచటి మోడళ్లలో చాలావాటికి ఉండదు. కంపెనీలు లీజు ముగిశాక వదిలేసే థింక్‌ప్యాడ్, లాటిట్యూడ్, ఎలైట్‌బుక్ రకాలు రీఫర్బిష్డ్‌గా దొరుకుతాయి. వీటి కట్టుబడి ఇంటి వాడుక మోడళ్ల కన్నా గట్టిది. వాటిలో బయోస్ పాస్‌వర్డ్ గానీ పాత కంపెనీ తాళం గానీ లేదని షాపులోనే ఆన్ చేసి చూసి, జీఎస్టీ బిల్లు, వారంటీ కాగితం తీసుకోవాలి.

పాతదాన్ని అమ్మినా, ఎక్స్చేంజ్‌లో ఇచ్చినా రీసెట్ దిస్ పీసీలో అన్నీ తొలగించమని చెప్పి, డ్రైవ్‌ని శుభ్రం చేసే ఎంపిక కూడా ఆన్ చేయండి. ఊరికే డిలీట్ చేసినవి తిరిగి తీయడం కష్టమేమీ కాదు. పాడైన బ్యాటరీని చెత్తబుట్టలో వేయకుండా ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకి ఇవ్వండి. మా అమ్మాయి లాప్‌టాప్‌లోంచి తీసిన 1 టీబీ హార్డ్‌డిస్క్‌ని క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో చూస్తే ఆరోగ్యం బాగానే ఉంది. దాన్ని యూఎస్‌బీ కేసులో పెట్టి తన బ్యాకప్‌కి ఇచ్చాను. ఆదివారం తగిలించి కాపీ చేసుకోవడం, పని కాగానే పీకేయడం. థీసిస్ ఫైళ్లు మాత్రం గూగుల్ డ్రైవ్‌లో కూడా ఉండాలి.