ఆసు పోసే చెయ్యి

పోచంపల్లి చీర పేరు చాలామంది విన్నారు. ఆ చీర ఫ్యాక్టరీలో తయారు కాదు. ఇంట్లో తయారవుతుంది.

పోచంపల్లి యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉంది. చుట్టుపక్కల చాలా ఊళ్లలో కూడా ఇదే పని. ముందు గదిలో గుంట మగ్గం ఉంటుంది. ఆ పక్కనే పొయ్యి, ఉయ్యాల, పిల్లల పుస్తకాలు. పని ఎక్కడ ఆగుతుందో, సంసారం ఎక్కడ మొదలవుతుందో చెప్పటం కష్టం.

మగ్గం మీద ఒక్కరే కూర్చుంటారు. కానీ చీర వెనక ఇంటిల్లిపాదీ ఉంటారు. ఒకరు రాట్నం తిప్పి కండెలు చుడతారు. ఒకరు ఆసు పోస్తారు. ఒకరు చిటికి కడతారు. చిటికి కట్టటం అంటే నూలు మీద రబ్బరు పట్టీలు బిగించి రంగులో ముంచటం. కట్టిన చోట రంగు అంటదు. అలా నెయ్యక ముందే నూలు మీద పువ్వు పడుతుంది.

ఆసు పని ఎక్కువగా ఇల్లాలిదే. అర్ధచంద్రం లాంటి చట్రం ఉంటుంది. దాని అంచుకు వరుసగా చీలలు. పోగును చెయ్యి చాచి చీల చుట్టూ తిప్పాలి. మళ్లీ వెనక్కి తేవాలి. తర్వాత పక్క చీల. ఒక్క చీరకు చెయ్యి దాదాపు 9,000 సార్లు ఆడాలి.

రోజుకు రెండు చీరలైతే ఎన్నిసార్లు? లెక్క వేయండి.
9,000 + 9,000 = 18,000.

పోగుల నడుమ పిల్లవాడు వస్తాడు.
"అమ్మా, ఆకలైతుంది."
"జర ఆగు బిడ్డా. ఈ వరుస కానియ్యి."
వరుస అయ్యేసరికి వాడు నిద్రపోతాడు.

ఇంకోనాడు వాడికి జ్వరం. తల్లి ఆసు వదిలి వాణ్ణి ఒళ్లో వేసుకుంటుంది. ఆసు లేకపోతే చిటికి లేదు. చిటికి లేకపోతే మగ్గం ఆడదు. ఆ వారం కూలి తగ్గుతుంది. అప్పుడు ఇంట్లో మాటా మాటా పెరుగుతుంది.

అలాగని ఇంట్లో పని ఉండటం చెడ్డదని కాదు. పని దొరికినన్నాళ్లు తండ్రి ఊరు విడిచి పోనక్కరలేదు. మగ్గం మీద నుంచే పిల్లల పాఠం వింటాడు. అత్త చేతి పని కోడలికి వస్తుంది. దానికి ఫీజు లేదు.

ఆలేరు దగ్గర శారాజీపేట అనే ఊరుంది. చింతకింది మల్లేశంది ఆ ఊరు. ఆయన తల్లి పేరు లక్ష్మి. ఆమె రోజూ ఆసు పోసేది. రోజంతా పోస్తే రెండు చీరలకు అయ్యేది. భుజం నొప్పి పుట్టేది. మల్లేశం ఆరో తరగతితో బడి మానేసి మగ్గం ఎక్కాడు. తల్లి నొప్పి చూస్తూ పెరిగాడు. ఆ చెయ్యి చేసే పని యంత్రం చేస్తే ఎలా ఉంటుంది అనుకున్నాడు.

1992లో ప్రయత్నం మొదలుపెట్టాడు. ఆయన ఇంజనీరు కాదు. డబ్బులు చాలలేదు. ఊళ్లో కొందరు నవ్వారు. హైదరాబాదు వెళ్లి కరెంటు పని చేశాడు. సంపాదించింది ఇంటికీ కావాలి, యంత్రానికీ కావాలి. 1999లో యంత్రం పూర్తయింది. దానికి తల్లి పేరే పెట్టాడు. లక్ష్మీ ఆసు యంత్రం! 2017లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. 2019లో ఆయన కథ సినిమాగా వచ్చింది.

చేత్తో ఒక చీరకు ఆసు పోయాలంటే నాలుగైదు గంటలు పట్టేది. యంత్రం మీద గంటన్నర చాలు. మగ్గం వేరే చోట ఉండి ఉంటే ఆ కొడుకు తల్లి చేతిని అంత దగ్గరగా చూసేవాడు కాదేమో.

ఇంకో సంగతి ఉంది. చీర కూలి మగ్గం వేసే మనిషి చేతికి వస్తుంది. ఇంటి మనిషి పోసిన ఆసుకు వేరే కూలి ఉండదు. అందుకే "మీ ఆవిడ ఏం చేస్తుంది?" అని అడిగితే "ఇంట్లోనే ఉంటది" అనే మాట వినిపిస్తుంది. 2019-20లో కేంద్ర ప్రభుత్వం చేనేత పనివాళ్లను లెక్కించింది. దేశంలో 35 లక్షల మందికి పైగా తేలారు. వాళ్లలో ఎక్కువ మంది ఆడవాళ్లే. ఇంట్లో ఉన్నవాళ్లే ఈ పని నడుపుతున్నారన్నమాట!

యంత్రం ఆసు పోస్తుంది కానీ అన్నం వండదు. మిగిలిన గంటలు ఎవరివి? ఆమె నడుము వాల్చటానికా, బట్టలు ఉతకటానికా? అది ఆలుమగలు కూర్చుని మాట్లాడుకోవాల్సిన సంగతి.

యంత్రం ఉన్న ఇళ్లలో కొందరు పక్కవాళ్ల చీరలకు కూడా ఆసు పోసి కూలి తీసుకుంటున్నారు. అలా చేసేవాళ్లు ఒక నోటుబుక్కు పెట్టుకోవాలి. నాలుగు గడులు గీస్తే చాలు. తేదీ. ఎన్ని చీరలు. రావలసిన కూలి. ముట్టిన కూలి.