మొదటి గాలం



మీ చిన్నప్పుడు ఎప్పుడైనా గాలం వేశారా? మొదటి గాలం ఎవరు చేసి ఇచ్చారు? దానికి ఏ చేప పడింది? గోదావరి కాలువ గట్టు మీద ఉన్న ఒక చదువుల కేంద్రంలో ఆడవాళ్ళు ఒక రాత్రి ఈ మాటలే చెప్పుకున్నారు. చదవండి.

ఆ రాత్రి పది మంది వచ్చారు. చదువు చెప్పే అమ్మాయి నల్లబల్ల మీద 'గాలం' అని రాసింది.

"ఇది అందరూ చదివేశారు. ఇప్పుడు మీరు చెప్పండి, నేను రాస్తాను. మీ మొదటి గాలం కథ చెప్పండి" అంది.

అందరూ నవ్వారు.

"గాలం కథ కూడా చదువేనా?" అంది ఒక వదిన.

"మీరు చెబితే పాఠం అవుతుంది వదినా" అంది అమ్మాయి.

వదిన చెప్పింది

"మాది కొల్లేరు పక్క ఊరు. కొల్లేరంటే కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య ఉన్న పెద్ద మంచినీటి సరస్సు. మా నాన్న కొర్రమీనుకి గాలం వేసేవాడు. దానికి బతికున్న చిన్న కప్పని ఎర పెట్టేవాడు. నాకేమో చిన్న గాలం కట్టి ఇచ్చాడు. ఎర్రలు తవ్వుకుని వెళ్ళేదాన్ని. మొదటి రోజే జెల్ల పడింది. ఆనందం పట్టలేక గబుక్కున చేత్తో పట్టుకున్నాను. అంతే! ముల్లు దిగింది. సాయంత్రం దాకా ఏడుస్తూనే ఉన్నాను. జెల్లకి రెండు పక్కలా రెండు ముళ్ళు, వీపు మీద ఒక ముల్లు ఉంటాయి. గుడ్డతో పట్టుకోవాలని ఆ రోజే తెలిసింది."

సముద్రం ఒడ్డు చెల్లెలు చెప్పింది

"మాది సముద్రం ఒడ్డు. మా వాళ్ళు పొడవాటి తాడుకి వందల గాలాలు కట్టి పడవ మీద వేటకి పోయేవాళ్ళు. వంజరం, సొర పడేవి. ఆ గాలాలు పిల్లల్ని ముట్టుకోనిచ్చేవారు కాదు. అందుకని మేం గాలం లేకుండానే వేటాడేవాళ్ళం. ఒక తాడుకి చేప తలకాయ కట్టి ఉప్పుటేరులో వేసేవాళ్ళం. పీత వచ్చి డెక్కలతో పట్టుకునేది. మెల్లగా లాగేవాళ్ళం. తిండి మీద ఆశ కదా, పీత ఒక పట్టాన వదలదు. పైకి రాగానే కింద బుట్ట పెట్టేసేవాళ్ళం. అదే నా మొదటి గాలం. దానికి ముల్లే లేదు!"

మళ్ళీ అందరూ నవ్వారు.

పెద్దమ్మ చెప్పింది

పెద్దమ్మకి అరవై ఏళ్ళు దగ్గర పడ్డాయి. ఆమె పక్కనే ఆమె కోడలు కూర్చుంది. అత్తా కోడళ్ళిద్దరూ ఒకే కేంద్రంలో చదువుతున్నారు. పెద్దమ్మ ఇలా చెప్పింది.

"నాకప్పుడు ఏడేళ్ళు. మా అన్నకి నాన్న గాలం కట్టి ఇచ్చాడు. నాక్కూడా కావాలన్నాను. 'ఆడపిల్లవి, నీకెందుకే గాలం?' అంది మా నాయనమ్మ. నేను ఊరుకోలేదు. సొంతంగా చేసుకున్నాను.

ఒక గుండుసూది దొరికింది. దీపం మంటలో కాల్చి వంచాను. గోనె సంచి కుట్టు విప్పితే దారం వచ్చింది. తెగిన చెప్పు ముక్కని బెండుగా కట్టాను. చిన్న సీసం ముక్క అన్న దగ్గర అడుక్కున్నాను. కర్ర దొరకలేదు. పొయ్యిలోకి తెచ్చిన కందికట్టె తీసుకున్నాను.

పిండి ముద్ద ఎర పెట్టి కాలువలో వేశాను. బెండు వణికింది. తర్వాత మునిగింది. లాగాను. కందికట్టె ఫట్టున విరిగింది! అయినా దారం వదల్లేదు. రెండు చేతులతో లాగేశాను. వేలెడు పరిగె! దాన్ని పట్టుకుని ఊరంతా తిరిగాను.

నాన్న చూశాడు. తిట్టలేదు. సరుగుడు కర్ర చెక్కి, కొట్లో రెండు ముళ్ళు కొని, మంచి గాలం కట్టి ఇచ్చాడు. ఆ రాత్రి దాన్ని పక్కలో పెట్టుకుని పడుకున్నాను."

పెద్దమ్మ కాసేపు ఆగింది.

"ఆ తర్వాత ఏమైంది పెద్దమ్మా?" అంది అమ్మాయి.

"ఆ వేసవి అయ్యాక అన్నని బడిలో వేశారు. నేనూ పోతానన్నాను. 'నీకు గాలం ఉంది కదమ్మా' అన్నాడు నాన్న. ఆయన చెడ్డవాడు కాదు. ఇంట్లో కూరకి లేదు. నేను రోజూ పొద్దున్నే గాలం వేసేదాన్ని. ఇంటికి కావలసినవి ఉంచి, మిగతావి లాకుల దగ్గర అమ్మేదాన్ని. ఆ డబ్బులతోనే అన్నకి పలక కొన్నారు. అన్న చేతికి పలక వచ్చింది. నా చేతిలో గాలం ఉండిపోయింది. అన్న బడికి పోతుంటే గట్టు మీద కూర్చుని చూసేదాన్ని. బెండు మునిగినా తెలిసేది కాదు."

ఎవరూ మాట్లాడలేదు.

"నాకు చేపలు పట్టడం వచ్చు. అమ్మడం వచ్చు. కానీ యాభై ఏళ్ళు వేలిముద్ర వేశాను. బస్సు మీద ఊరి పేరు ఇంకొకరిని అడిగాను. గాలం మంచిదే. దాన్ని నేను తిట్టను. మా ఇంటికి అన్నం పెట్టింది. కానీ పలక ఇవ్వాల్సిన చోట గాలం ఇవ్వకూడదు."

ఈ మాట అంటూ పెద్దమ్మ కోడలి వైపు చూడలేదు. అయినా కోడలు తల వంచుకుంది. పెద్దమ్మ మనవరాలికి పదమూడేళ్ళు. ఏడో తరగతి అయ్యింది. వేసవి సెలవుల తర్వాత బడి మాన్పించి, రొయ్యలు ఒలిచే షెడ్డుకి తనతో తీసుకుపోవాలని కోడలు అనుకుంటోంది. ఇంట్లో అప్పు ఉంది. ఇద్దరు పనిచేస్తే త్వరగా తీరుతుందని ఆమె ఆశ.

"అప్పు ఎలా తీరుతుంది అత్తా?" అంది కోడలు మెల్లగా.

"నేనున్నాను కదే. పొద్దున పూట నేను కూడా చేపలు అమ్ముతాను. ఒక ఏడాది ఆలస్యం అవుతుంది. అంతే కదా. పిల్లకి పోయిన చదువు మళ్ళీ రావాలంటే నాలాగా యాభై ఏళ్ళు పడుతుంది" అంది పెద్దమ్మ.

"ఆరు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలందరికీ ఉచితంగా చదువు చెప్పాలని 2009లో చట్టం వచ్చింది వదినా. పద్నాలుగేళ్ళ లోపు పిల్లల్ని పనిలో పెట్టుకోవడం నేరం" అంది అమ్మాయి.

కోడలు చాలాసేపు నల్లబల్ల వైపు చూసింది. తర్వాత అడిగింది.

"బడి ఎప్పుడు తెరుస్తారమ్మా?"

అమ్మాయి నల్లబల్ల మీద 'జూన్ 12' అని రాసింది. కోడలు కూడబలుక్కుని చదివింది. తన పుస్తకంలో రాసుకుంది.

గాలం గురించి తెలుసుకుందాం

గాలంలో ఆరు భాగాలు ఉంటాయి.

1. కర్ర: వెదురు గానీ, సరుగుడు గానీ మంచిది. కొస సన్నగా ఉంటే వంగుతుంది. చేప గుంజినా దారం తెగదు.

2. దారం: పూర్వం నూలు దారం, జనపదారం వాడేవారు. అవి నీళ్ళలో నాని త్వరగా కుళ్ళిపోయేవి. 1938లో అమెరికాలో నైలాను అనే కొత్త రకం దారం గురించి ప్రకటించారు. అది నీళ్ళలో కుళ్ళదు. తర్వాత కొన్నేళ్ళకి మన ఊళ్ళకీ వచ్చింది.

3. బెండు: ఇది నీళ్ళ మీద తేలుతుంది. జీలుగు బెండు, నెమలి ఈక కాడ, చెప్పు ముక్క, ఏదైనా సరే. చేప ఎర కొరికితే బెండు వణుకుతుంది. ఎర మింగి పోతే బెండు మునుగుతుంది. అప్పుడే లాగాలి.

4. సీసం ముక్క: ఎరని నీళ్ళ అడుక్కి దించుతుంది.

5. ముల్లు: కొట్లో కొన్న ముల్లు మొన దగ్గర వెనక్కి తిరిగిన చిన్న పన్ను ఉంటుంది. అందుకే చేప జారిపోదు. వంచిన గుండుసూదికి ఆ పన్ను ఉండదు. దారం వదులైతే చేప తప్పించుకుంటుంది. పెద్దమ్మ దారం బిగువుగా పట్టి లాగింది కాబట్టే పరిగె దక్కింది.

6. ఎర: పరిగెలకి పిండి ముద్ద. జెల్లలకి ఎర్రలు. కొర్రమీనుకి కప్ప.

కొర్రమీను తన పిల్లల్ని కాపాడుకునే చేప. గుడ్లు పెట్టిన దగ్గర్నుంచి తల్లీ తండ్రీ కాపలా కాస్తాయి. ఎర్రటి చిన్న పిల్లలు గుంపుగా తిరుగుతుంటాయి. ఆ గుంపు కనబడినప్పుడు తల్లిని పట్టకూడదు. తల్లి పోతే పిల్లల్ని వేరే చేపలు తినేస్తాయి. మరుసటి ఏడు మనకే చేపలు ఉండవు.

జాగ్రత్తలు

* చిన్నపిల్లల్ని ఒంటరిగా కాలువకి పంపకండి. గట్టు జారుతుంది. కాలువ లోతు పైకి తెలియదు.
* ముల్లు చేతిలో దిగితే గుంజకండి. పన్ను వల్ల కండ చీరుకుపోతుంది. ఆసుపత్రికి వెళ్ళండి. ధనుర్వాతం రాకుండా సూదిమందు వేయించుకోండి.
* తెగిన నైలాను దారం గట్టున పారేయకండి. కొంగలు, గొడ్ల కాళ్ళకి చుట్టుకుంటుంది.
* నీళ్ళలో కరెంటు పెట్టి చేపలు పట్టే పని దగ్గరికి పోకండి, పోనివ్వకండి. మనుషులే చచ్చిపోతారు.
* విషం కలపడం, మందుగుండు పేల్చడం తప్పు. అవి నేరాలని 1897 నాటి చేపల చట్టంలోనే రాశారు.

చెప్పండి

1. పెద్దమ్మ మొదటి గాలాన్ని వేటితో చేసుకుంది?
2. నాన్న పెద్దమ్మని బడికి ఎందుకు పంపలేదు? మీరైతే ఏం చేసేవారు?
3. "పలక ఇవ్వాల్సిన చోట గాలం ఇవ్వకూడదు" అంటే ఏమిటి?
4. మీ వాడలో బడి మానేసిన ఆడపిల్లలు ఉన్నారా? ఎందుకు మానేశారు? మనం ఏం చేయగలం?

లెక్క చెయ్యండి

జెల్లలు కిలో 200 రూపాయలు అనుకుందాం. పెద్దమ్మ ముప్పావు కిలో అమ్మింది. ఎంత రావాలి? కొన్నవాళ్ళు 500 రూపాయల నోటు ఇచ్చారు. పెద్దమ్మ తిరిగి ఎంత ఇవ్వాలి?

రాయండి

మీ చిన్నప్పుడు మీ చేత్తో మీరు చేసుకున్న మొదటి వస్తువు ఏది? బొమ్మ కావచ్చు, బుట్ట కావచ్చు, గాలం కావచ్చు. దాని గురించి ఐదు వాక్యాలు రాయండి. ఇంటికి వెళ్ళి మీ పిల్లలకి చదివి వినిపించండి.