బదిలీ వచ్చినప్పుడు మన ఫొటోలు ఎక్కడ ఉండాలి?

మన బడిలో ఎవరినైనా "మీది ఏ ఊరు?" అని అడిగి చూడండి. ఒక్క పేరుతో జవాబు రాదు. "పుట్టింది విశాఖపట్నం, ఒకటో తరగతి జోధ్‌పూర్, తర్వాత మూడేళ్లు గువాహటి, ఇప్పుడు కోల్‌కతా" అంటారు. అమ్మకో నాన్నకో బదిలీ ఆర్డరు రాగానే మంచాలు, బీరువా, సైకిళ్లు, పుస్తకాల అట్టపెట్టెలు లారీ ఎక్కుతాయి. దారిలో ఏదైనా విరిగితే మళ్లీ కొనుక్కుంటాం. కాని జోధ్‌పూర్ బడిలో తీసిన తరగతి ఫొటో, తాతగారు పద్యం చదువుతుంటే ఫోనులో పట్టుకున్న గొంతు, చెల్లి మొదటి అడుగులు వేసిన వీడియో ఏ బజారులోనూ దొరకవు. సొంత ఊళ్లోనే పెరిగేవాళ్లకు చిన్ననాటి వీధి, చెట్టు, పక్కింటివాళ్లు కళ్లముందే ఉంటారు. మనకు అవి చాలావరకు ఫైళ్లలోనే ఉంటాయి. కాబట్టి ఆ ఫైళ్లను ఎలా కాపాడుకోవాలో తెలుసుకోవడం మనకు కొంచెం ఎక్కువ అవసరం.

చాలా ఇళ్లలో జరిగేది ఇది. ఫోను నిండిపోతుంది. ఒక పోర్టబుల్ హార్డ్ డిస్క్ కొంటారు. ఫొటోలన్నీ అందులోకి ఎక్కించి, ఫోనులోవి తీసేస్తారు. "బ్యాకప్ అయిపోయింది" అని డిస్క్‌ను బీరువాలో పెడతారు. నిజానికి అక్కడ బ్యాకప్ ఏమీ జరగలేదు. బ్యాకప్ అంటే రెండో ప్రతి. మొదటిది తీసేశాక డిస్క్‌లో ఉన్నదే అసలు ప్రతి, అదీ ఒక్కటే. ఫోనులో ఉన్న ప్రమాదం డిస్క్‌లోకి మారింది, అంతే. ఈ ఒక్క విషయం అర్థమైతే మిగిలినదంతా సులువు.

డిస్క్ లోపల ఏముందో చూద్దాం. అరచేతిలో ఇమిడే ఆ పెట్టెలో అద్దంలా మెరిసే గుండ్రటి పళ్లేలు ఉంటాయి. చాలా పోర్టబుల్ డిస్కులలో అవి నిమిషానికి 5,400 సార్లు, అంటే సెకనుకు 90 సార్లు తిరుగుతాయి. వాటిపై అయస్కాంత గుర్తులుగా మన ఫైళ్లు ఉంటాయి. వాటిని చదివే చిన్న ముల్లు లాంటి భాగం పళ్లేన్ని తాకకుండా కొద్ది నానోమీటర్ల ఎత్తులో తేలుతూ ఉంటుంది. మన తలవెంట్రుక మందం సుమారు 80,000 నానోమీటర్లు! డిస్క్ పనిచేస్తున్నప్పుడు బల్లమీది నుంచి పడితే ఏమవుతుందో ఇక చెప్పక్కర్లేదు. ఆపి ఉన్నప్పుడు ఆ ముల్లు పక్కకు వెళ్లి తన చోట కూర్చుంటుంది కనుక చిన్న దెబ్బలకు తట్టుకుంటుంది. అందుకే లైటు మెరుస్తూ ఉండగా డిస్క్‌ను కదిలించకూడదు. 1956లో ఐబీఎం తెచ్చిన మొదటి హార్డ్ డిస్క్‌లో ఇలాంటి పళ్లేలు 50 ఉండేవి. అది దాదాపు ఒక టన్ను బరువు, దానిలో పట్టేది సుమారు 5 మెగాబైట్లు. ఇప్పటి ఫోనుతో తీసిన ఒకటి రెండు ఫొటోలకే అది నిండిపోతుంది.

ఎంత పెద్దది కొనాలి? దుకాణంవాణ్ణి అడిగేముందు ఇంట్లో లెక్క వేసుకోండి. ఒక ఫొటో 4 మెగాబైట్లు అనుకుంటే 20,000 ఫొటోలకు 80 గిగాబైట్లు. మామూలు ఫుల్ హెచ్‌డీ వీడియో నిమిషానికి సుమారు 130 మెగాబైట్లు అనుకుంటే పది గంటల వీడియోకు 78 గిగాబైట్లు. రెండూ కలిపి 160 గిగాబైట్లు దాటలేదు. చాలా కుటుంబాలకు 1 టెరాబైట్ డిస్క్ ఏళ్లతరబడి సరిపోతుంది. నన్నడిగితే 4 టెరాబైట్లది ఒకటి కొనేకంటే 1 టెరాబైట్‌వి రెండు కొనడం మేలంటాను. ఎందుకో కాస్త ఆగి చెబుతాను.

కొత్త డిస్క్ పెట్టగానే 1 టెరాబైట్‌కు బదులు 931 గిగాబైట్లే కనిపిస్తే మోసపోయామని కంగారు పడకండి. తయారీదారు లెక్కలో 1 టెరాబైట్ అంటే లక్ష కోట్ల బైట్లు. విండోస్ మాత్రం గిగాబైట్‌ను 1,024 × 1,024 × 1,024 బైట్లుగా లెక్కిస్తుంది. లక్ష కోట్లను ఆ సంఖ్యతో భాగించి చూడండి, 931 వస్తుంది. అసలు మోసం వేరే ఉంది. 1 టెరాబైట్ ధరకంటే తక్కువకు "16 టెరాబైట్లు" అని అమ్మే పెట్టెలు కొన్ని ఉంటాయి. లోపల చిన్న మెమరీ చిప్ పెట్టి, కంప్యూటర్‌కు మాత్రం పెద్ద సంఖ్య చెప్పేలా తయారు చేస్తారు. మొదట అంతా బాగానే కనిపిస్తుంది. అసలు చోటు నిండాక కొత్త ఫైళ్లు పాతవాటి మీద పడిపోతాయి, లేదా ఎక్కినట్టే కనిపించి ఎక్కడా ఉండవు. ప్రపంచంలో హార్డ్ డిస్కులు తయారుచేసే పెద్ద కంపెనీలు ఇప్పుడు మూడే: సీగేట్, వెస్టర్న్ డిజిటల్, తోషిబా. మీరు చాందినీ చౌక్ మెట్రో దిగి అక్కడి కంప్యూటర్ దుకాణాలలో కొన్నా, ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో కొన్నా, సీలు విప్పని పెట్టె, బిల్లు, వారంటీ మూడూ చూసుకోండి. బిల్లు కాగితం మీది అక్షరాలు వెలిసిపోకముందే దాన్ని ఫొటో తీసుకోండి.

ఎస్ఎస్‌డీ అనే మరో రకం ఉంది. అందులో తిరిగే భాగాలేమీ లేవు, కిందపడినా అంత భయం లేదు, వేగం కూడా ఎక్కువ. కాని అంతే చోటుకు ఖరీదు ఎక్కువ, పైగా కరెంటు తగలకుండా ఏళ్లతరబడి పడి ఉండటం దానికి మంచిది కాదు. ఎప్పుడూ సంచిలో తిరిగేదానికి ఎస్ఎస్‌డీ, బీరువాలో ఉండేదానికి హార్డ్ డిస్క్ అని నా అభిప్రాయం.

ఇప్పుడు రెండు ఎందుకో చూద్దాం. 2020 మే 20న అంఫాన్ తుఫాను కోల్‌కతాను తాకింది. కాలేజ్ స్ట్రీట్ పుస్తకాల దుకాణాలలోకి నీళ్లు వచ్చి పుస్తకాలు తడిసి ముద్దయ్యాయి. నీళ్లకు ఇది అసలు ప్రతి, ఇది నకలు అని తేడా తెలియదు. లాప్‌టాప్, హార్డ్ డిస్క్ ఒకే గదిలో, ఒకే సంచిలో ఉంటే ఒకే వరదకు, ఒకే దొంగకు రెండూ పోతాయి. బదిలీ లారీ విషయంలోనూ ఇంతే.

"టాయ్ స్టోరీ 2" చాలామంది చూసే ఉంటారు. 1998లో ఆ సినిమా తయారవుతుండగా పిక్సార్ స్టూడియోలో పొరపాటున ఒక డిలీట్ ఆదేశం పడి, ఫైళ్లు చాలావరకు మాయమయ్యాయి. బ్యాకప్ ఉంది కదా అని చూస్తే అది సరిగ్గా పనిచేయడం లేదని అప్పుడే తెలిసింది! గాలిన్ సుస్మన్ అనే సాంకేతిక నిపుణురాలు పసిపాప ఉండటం వల్ల ఇంటి నుంచి పనిచేసేవారు. ఆమె ఇంటి కంప్యూటర్‌లో ఒక ప్రతి దొరికింది. ఆ కంప్యూటర్‌ను దుప్పట్లలో చుట్టి కారులో జాగ్రత్తగా స్టూడియోకు తెచ్చారు. 1999లో సినిమా విడుదలైంది. ఇందులో రెండు సంగతులు గమనించండి. కాపాడింది వేరే చోట ఉన్న ప్రతి. ముంచబోయింది ఎవరూ తెరిచి చూడని బ్యాకప్.

మన తెలుగులో దీనికి ఇంకా పాత ఉదాహరణ ఉంది, అదీ ఈ కోల్‌కతాకు చుట్టమే. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1798 నవంబరు 10న ఇక్కడే, అప్పటి కలకత్తాలో పుట్టారు. ఆయన కూడా బదిలీల ఉద్యోగే! ఈస్టిండియా కంపెనీ కొలువులో కడప, మచిలీపట్నం, రాజమండ్రి ఇలా ఊరూరూ తిరిగారు. ఆ రోజుల్లో తెలుగు కావ్యాలు తాటాకుల మీద ఉండేవి. పురుగు తినేది, చెమ్మ పట్టేది, తాటాకులు ముక్కలయ్యేవి. బ్రౌన్ ఒక్కో పుస్తకానికి దొరికినన్ని తాళపత్ర ప్రతులు సేకరించి, పండితులకు, లేఖకులకు సొంత డబ్బుతో జీతాలిచ్చి కాగితం మీద తిరిగి రాయించారు. ఒక ప్రతిని మరో ప్రతితో పోల్చి తప్పులు దిద్దించారు. ఆయన సేకరణ మద్రాసు చేరింది, ఇప్పుడది అక్కడి ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో ఉంది. అంటే పాత వస్తువు పాడవకముందే కొత్త వస్తువు మీదికి ఎక్కించడం, ఎక్కించినదాన్ని సరిచూడటం, నలుగురికీ అందే చోట ఉంచడం. హార్డ్ డిస్క్‌తో మనం చేయవలసిందీ ఇదే. ఏ డిస్కూ శాశ్వతం కాదు. నాలుగైదేళ్లు దాటినదాన్ని నమ్ముకుని కూర్చోకుండా కొత్తదానిలోకి ఎక్కించుకోవాలి.

ఎక్కించేటప్పుడు "కట్" కాదు, "కాపీ" చేయండి. మధ్యలో కరెంటు పోయినా అసలు ప్రతి అలాగే ఉంటుంది. డిస్క్‌తో వచ్చిన తీగనే వాడండి, కంప్యూటర్‌లో యూఎస్‌బీ 3 రంధ్రంలో పెట్టండి. చాలా కంప్యూటర్లలో దాని లోపల నీలం రంగు ఉంటుంది. మనం లెక్కవేసిన 160 గిగాబైట్లు దానిలో అరగంటకు కాస్త అటూ ఇటూగా ఎక్కుతాయి. పాత యూఎస్‌బీ 2 రంధ్రమైతే గంటన్నర పడుతుంది. ఫోల్డరు పేర్లలో ముందు సంవత్సరం, తర్వాత నెల, తర్వాత సంగతి రాయండి: "2024-10 దుర్గాపూజ", "2025-01 సంక్రాంతి". అప్పుడు అవి వాటంతటవే వరుసలో కూర్చుంటాయి. వాట్సాప్‌లో వచ్చిన ఫొటో సాధారణంగా కుదించినది కనుక, వీలైతే తీసినవాళ్ల ఫోను నుంచే తీసుకోండి. తాతగారి రచనలు డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్లలో టైపు చేయించి ఉంటే పీడీఎఫ్ కూడా తప్పక దాచండి. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే తెలుగు బదులు పిచ్చి గీతలు వస్తాయి.

కాపీ అయ్యాక రెండు ఫోల్డర్ల మీదా కుడి బటన్ నొక్కి "ప్రాపర్టీస్"లో ఫైళ్ల సంఖ్య సమానంగా ఉందో లేదో చూడండి. తర్వాత ఎక్కడో మధ్యలోని ఒక ఫొటో, ఒక వీడియో, ఒక ఆడియో తెరిచి చూడండి. అయిదు నిమిషాల పని. పిక్సార్‌లో జరగనిది ఇదే.

పని అయ్యాక "ఎజెక్ట్" నొక్కి, సరేనన్నాకే తీగ పీకండి. కాపీ అయినట్టు తెర మీద కనిపించినా, చివరి ముక్కలు ఒక్కోసారి ఇంకా రాస్తూ ఉంటుంది. డిస్క్‌ను ఎప్పుడూ కంప్యూటర్‌కు తగిలించి ఉంచకండి. 2017 మేలో వన్నాక్రై అనే వైరస్ ఎన్నో దేశాలలో కంప్యూటర్లలోని ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగింది. అలాంటివి తగిలించి ఉన్న డిస్క్‌ను కూడా వదలవు. "ఈ డిస్క్‌ను ఫార్మాట్ చేయాలా?" అని కంప్యూటర్ అడిగితే వద్దు అని నొక్కి, పెద్దవాళ్లను పిలవండి. లోపల్నుంచి టిక్కు టిక్కు మని శబ్దం వస్తే మళ్లీ మళ్లీ పెట్టి చూడకుండా ఆపేయండి, మూత అసలు విప్పకండి.

ఆధార్, పాన్ కార్డుల స్కాన్‌లు ఉన్న డిస్క్‌కు పాస్‌వర్డ్ పెట్టాలి. కాని అది మరిచిపోతే ఎవరూ తెరవలేరు, కనుక అమ్మ డైరీలో రాయించండి. మార్కుల పత్రాల సంగతికి వస్తే, 2015లో మొదలైన డిజిలాకర్‌లో సీబీఎస్ఈవి దొరుకుతాయి. ఫొటోలకు మాత్రం అలాంటి ప్రభుత్వ బీరువా లేదు. గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 గిగాబైట్లలో ముఖ్యమైన కొన్నింటిని మూడో ప్రతిగా దాచుకోవచ్చు.

కోల్‌కతా వానాకాలంలో బీరువాలో బట్టలకే బూజు పడుతుంది. డిస్క్‌ను మూత గట్టిగా ఉన్న డబ్బాలో, కొత్త బూట్ల పెట్టెలో వచ్చే సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి. రెండో డిస్క్‌ను వేసవి సెలవులకు వెళ్లినప్పుడు అమ్మమ్మగారి ఇంట్లో ఉంచి రండి. మరుసటి వేసవికి ఇక్కడిది తీసుకెళ్లి అక్కడ పెట్టి, అక్కడిది తెచ్చుకుని కొత్త ఫొటోలు ఎక్కించండి. ఇలా మార్చుకుంటూ ఉంటే ఏ తుఫాను వచ్చినా, ఏ లారీ బోల్తా పడినా పోయేది మహా అయితే ఒక ఏడాది ఫొటోలే.

మార్చి 31ని 2011 నుంచి ప్రపంచ బ్యాకప్ దినంగా జరుపుకుంటున్నారు. మనకు విద్యా సంవత్సరం ముగిసేదీ అప్పుడే, చాలా ఇళ్లలో బదిలీ మాటలు మొదలయ్యేదీ ఆ రోజుల్లోనే. బదిలీ అయితే డిస్క్‌ను లారీలో వేయకండి. లాప్‌టాప్ నాన్న సంచిలో ఉంటే డిస్క్ అమ్మ సంచిలో ఉండాలి. విమానాశ్రయంలో ఎక్స్‌రే యంత్రం గుండా వెళ్లినా దానికి ఏమీ కాదు. హౌరాలో ఫలక్‌నుమా ఎక్కితే సీటు కింద కాకుండా, నిద్రపోయేటప్పుడు తల దగ్గర పెట్టుకునే సంచిలో ఉంచండి. డిస్క్ మీద ఒక చీటీ అంటించి ఇంటి ఫోను నంబరు రాయండి. చిరునామా రాయకండి, అది ఎలాగూ రెండేళ్లలో మారిపోతుంది.