పెంఫిగస్ – తెలుసుకుందాం, భయం వీడుదాం



సంక్రాంతి సెలవులు అయిపోయినా మా గదిలోని మిత్రుడొకడు పది రోజుల దాకా రాలేదు. వాళ్ళమ్మకు బాగాలేదు. మిరపకోతలకు వెళ్ళే ఆమెకు నాలుగు నెలలుగా నోటిపూత. వేడి చేసిందని మజ్జిగ తాగించారు, బి కాంప్లెక్స్ మాత్రలు వేశారు. తరువాత ఛాతీ మీద, వీపు మీద నీటిబొబ్బలు లేచాయి. ఒకరు అమ్మవారన్నారు, ఒకరు అక్కి రాయించమన్నారు. ఇరుగుపొరుగు వారు గడప తొక్కడం మానేశారు.

వాడు తిరిగి వచ్చాక మేము చేసిందీ అదే. మా ట్రంకు పెట్టెలు పక్కకు జరిపాం. వాడి గ్లాసు వేరుగా పెట్టాం. వేరు గ్లాసు అంటే ఏమిటో మన తాతలకు బాగా తెలుసు. అదే గ్లాసును మనవాడి ముందు మనమే పెట్టామని ఆలస్యంగా తెలిసి సిగ్గుపడ్డాం. 1918లో వెలసిన సారస్వత నికేతనం గ్రంథాలయం ఉన్న వేటపాలెంలో చదువుకుంటూ, తెలియక భయపడడం మనకు తగదు. అందుకే తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాం.

వ్యాధి అంటే ఏమిటి?

ఆమెకు వచ్చినది పెంఫిగస్ వల్గారిస్. గ్రీకు భాషలో బుడగ అనే అర్థమున్న మాట నుండి ఈ పేరు వచ్చింది. ఇది అరుదైన వ్యాధి. మన దేశంలో నడివయసు వారిలోనూ, అంతకంటే చిన్నవారిలోనూ కనిపిస్తుంది.

మన రక్తంలోని ప్రతిరక్షకాలు రోగక్రిములతో పోరాడే సైన్యం వంటివి. ఈ వ్యాధిలో ఆ సైన్యం దారి తప్పి సొంత చర్మం మీదే పడుతుంది. చర్మకణాలు గోడలోని ఇటుకలనుకుంటే, వాటిని పట్టి ఉంచే సిమెంటులో డెస్మోగ్లీన్ అనే మాంసకృత్తులు ఉంటాయి. ప్రతిరక్షకాలు వీటిని దెబ్బతీస్తే కణాలు విడిపోయి, నడుమ నీరు చేరి బొబ్బ అవుతుంది. నోటి పొరకు డెస్మోగ్లీన్ 3 ముఖ్యం. అందుకే చాలామందిలో వ్యాధి నోటిలోనే మొదలవుతుంది. డెస్మోగ్లీన్ 1 కూడా దెబ్బతింటే ఒంటి మీద బొబ్బలు వస్తాయి.

ఇందులో క్రిమి లేదు. కనుక ముట్టుకుంటే, కలిసి తింటే, ఒకే గ్లాసుతో నీళ్ళు తాగితే ఇది అంటదు.

ఎలా గుర్తించాలి?

బొబ్బలు పలుచగా, వదులుగా ఉండి త్వరగా చిట్లుతాయి. ఆ చోట చర్మం లేచిపోయి పచ్చిపుండు అవుతుంది. నోటిపూత రెండు మూడు వారాలు దాటినా మానకపోతే చర్మవైద్యునికి చూపించాలి. గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో చర్మవ్యాధుల విభాగం ఉంది. బొబ్బ అంచు నుండి చిన్న ముక్క తీసి, బయాప్సీ, ఇమ్యునోఫ్లోరెసెన్స్ పరీక్షలతో వ్యాధిని నిర్ధారిస్తారు. చూసి ఊహించి మందు వాడరాదు.

చికిత్స

1950కి ముందు ఈ వ్యాధి సోకినవారిలో ఎక్కువమంది మరణించేవారు. పుండ్ల గుండా నీరు, మాంసకృత్తులు కారిపోయి, క్రిములు రక్తంలో చేరేవి. స్టెరాయిడ్ మందులు వచ్చాక పరిస్థితి మారింది. కానీ ఎక్కువ మోతాదులో ఏళ్ళ తరబడి వాడితే మధుమేహం, రక్తపోటు, ఎముకల బలహీనత వచ్చే ప్రమాదం ఉంది.

ఇక్కడ మన దేశం చూపిన దారి ఒకటుంది. ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో డాక్టర్ జె.ఎస్. పస్రీచా పల్స్ చికిత్సను రూపొందించారు. 1984లో ఆయన, డాక్టర్ రాంజీ గుప్తా దీనిని ప్రకటించారు. నాలుగు వారాలకొకసారి వరుసగా 3 రోజులు డెక్సామెథసోన్‌ను గ్లూకోజులో కలిపి ఎక్కిస్తారు. అందులో ఒక రోజు సైక్లోఫాస్ఫమైడ్ కూడా ఇస్తారు. ఈ మందు సంతానశక్తిని దెబ్బతీయవచ్చు గనుక పిల్లలు కావాలనుకునేవారు ముందే డాక్టరుకు చెప్పాలి. రిటుక్సిమాబ్ అనే ఇంజెక్షను ఇప్పుడు ముఖ్యమైన చికిత్స. అమెరికాలో దీనిని ఈ వ్యాధికి 2018లో ఆమోదించారు. ఎవరికి ఏది తగునో నిర్ణయించవలసింది వైద్యులే.

మనం చేయవలసినవి

1. తగ్గినట్లు కనిపించినా మందు సొంతంగా ఆపరాదు. స్టెరాయిడ్ హఠాత్తుగా మానితే వ్యాధి తిరగబెట్టడమే కాక ప్రాణాపాయం కూడా రావచ్చు.

2. పుండ్ల మీద పసరులు, బూడిద, పేడ పూయరాదు. జ్వరం వచ్చినా, చీము పట్టినా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

3. పచ్చళ్ళు, కారం, గట్టి జంతికలు వద్దు. చల్లారిన జావ, మెత్తని మజ్జిగన్నం, పప్పు, గుడ్డు పెట్టాలి.

4. బట్ట పుండ్లకు అతుక్కోకుండా ఆసుపత్రుల్లో శుభ్రం చేసిన అరటి ఆకులు పరచడమూ ఉంది. ఇంట్లో అయితే డాక్టరును అడిగి చేయాలి.

5. కూలి పోతుందని ఆసుపత్రి తేదీ తప్పించరాదు. ఖర్చు ప్రభుత్వ ఆరోగ్య పథకం కిందకు వస్తుందేమో అక్కడి సహాయకులను అడగాలి.

మిత్రుని తల్లి ఇప్పుడు నెలనెలా చికిత్సకు వెళుతున్నారు. కొత్త బొబ్బలు రావడం లేదు. మొన్న కొడుకును చూడడానికి వచ్చి, సంచిలోంచి అరిసెలు తీసి ఇవ్వబోతూ చేయి వెనక్కు తీసుకున్నారు. "మేము తింటామమ్మా" అని ఆమె చేతిలోవే తీసుకుని తిన్నాం. ఈ వ్యాసంలోని పాఠం మాకు అప్పుడే పూర్తయింది.