చిరునామాలో అక్షరం మారితే

ఉత్తరం మీద ఇంటి నంబరు చెరిగిపోయినా పోస్ట్‌మ్యాన్ పేరు చూసి, ఊహించి చేరవేస్తాడు. ఈ-మెయిల్‌ను మోసే యంత్రానికి ఆ ఊహ లేదు. ఒక్క గుర్తు మారితే చాలు, ఉత్తరం తిరుగుముఖం పడుతుంది.

యంత్రానికి తెలిసినవి సంఖ్యలే. 1963లో అమెరికాలో వెలువడిన ఆస్కీ పట్టికలో '@' గుర్తు సంఖ్య 64. ఐ.బి.ఎం. వారి పెద్ద కంప్యూటర్లలోని ఎబ్సిడిక్ పట్టికలో, అమెరికా రూపాన, అదే గుర్తు 124. 1971లో రే టామ్లిన్‌సన్ మనిషి పేరును, కంప్యూటర్ పేరును వేరుచేయడానికి '@'ను ఎన్నుకొన్నాడు. అయితే మల్టిక్స్ అనే వ్యవస్థలో ఆ గుర్తుకు 'ఈ పంక్తిని చెరిపివేయి' అని అర్థం. చిరునామా టైపు చేయబోతే చిరునామాయే మాయమయ్యేది!

ఒక పట్టిక నుండి మరొక పట్టికలోకి మార్చే యంత్రాలు వచ్చిన తరువాత చిక్కులు పెరిగాయి. జర్మనుల ఏడు బిట్ల పట్టికలో 64వ స్థానంలో ఉన్నది '@' కాదు, '§'. ఎబ్సిడిక్ అమెరికా రూపంలో '!' ఉన్నచోట దాని అంతర్జాతీయ రూపంలో ']' ఉంటుంది. యూనిక్స్ యంత్రాల మధ్య నడిచిన పాత చిరునామాలలో మజిలీకీ మజిలీకీ నడుమ ఉండేది ఆ '!' గుర్తే. అది మారితే దారే తెగిపోతుంది. పంపినవాడిది తప్పు కాదు, అందుకోవలసినవాడిదీ కాదు. దోషమంతా నడుమనున్న దుబాసీది.

యూనికోడ్ వచ్చి ఈ బాధను చాలావరకు తీర్చింది, పూర్తిగా కాదు. '@' తరువాతి డొమైన్ పేరు తెలుగులో ఉంటే, 2003 నాటి ప్యూనీకోడ్ పద్ధతి దానిని ఆస్కీ గుర్తులలోకి మారుస్తుంది. '@'కు ముందున్న పేరుకు ఆ వెసులుబాటు లేదు. దానిని ఉన్నదున్నట్లు మోయడానికి 2012లో ప్రమాణాలు వెలువడ్డాయి. దారిలోని యంత్రాలన్నీ వాటిని అంగీకరించాలి. ఒక్కటి కాదన్నా ఉత్తరం ముందుకు సాగదు.

గడువు చివరి రోజున పంపిన దరఖాస్తు తిరిగివస్తే విద్యార్థి ముందు నెట్‌వర్క్‌ను నిందిస్తాడు. తిరుగుటపాలో కారణం రాసి ఉంటుంది. దానిని చదివేవారు తక్కువ. 550 అనే సంఖ్య కనిపిస్తే, తరచుగా ఆ పేరుగల పెట్టె అక్కడ లేదని అర్థం. అప్పుడు తాను పంపిన చిరునామాను, తిరుగుటపాలో అచ్చయిన చిరునామాను అక్షరమక్షరం పోల్చాలి. రెండూ ఒకటిగా కనిపించినా నమ్మరాదు. రష్యన్ లిపిలోని 'అ' అక్షరం ఇంగ్లీషు 'ఎ'ను అచ్చుగుద్దినట్లు పోలి ఉంటుంది, దాని సంఖ్య మాత్రం వేరు. వేరొకచోటి నుండి కాపీ చేసిన చిరునామా వెంట కంటికి కనబడని గుర్తులూ రావచ్చు. దానిని తుడిచివేసి, చేతితో తిరిగి టైపు చేయడం ఉత్తమం. అప్పటికీ తిరిగివస్తే, గడువు దాటకముందే కార్యాలయానికి ఫోన్ చేసి, ఇంగ్లీషు అక్షరాలలో మరొక చిరునామా అడిగి తీసుకోవాలి.